వెనక్కి తిరగని ఖాజీ

పోయిన వారం మనం బహీజా హానిమ్‌ను, అదే బహీజా అమ్మగారిని, మేకప్ కుర్చీలో, నుదుటి మీద ముసలమ్మ ముడతలు గీయించుకుంటూ పళ్ళు నూరుతుండగా వదిలేసి వచ్చాం. ఆవిడ పళ్ళు నూరడానికి కారణం ఉంది. కైరోలోని ఇమాదుద్దీన్ వీధి నాటకశాలల్లో పదమూడేళ్ళు రాగిబ్ షహ్దీకి భార్యగా బతికింది, వేదిక మీదా, ఇంట్లోనూ. తొమ్మిదేళ్ళ కిందట ఆయన ఇద్దరు సాక్షులను కూర్చోబెట్టి తలాక్ చెప్పి పంపేశాడు. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఈలోగా మాట్లాడే సినిమాలొచ్చి నాటకశాలల తలుపులు ఒక్కొక్కటే మూయించాయి. రాగిబ్‌కి పేరు తెచ్చిన 'ఖాజీ తీర్పు' నాటకాన్ని ఒక కంపెనీ సినిమా తీస్తానంది. తీర్పులు చెప్పే ఖాజీ వేషం ఆయనకే ఇచ్చారు. బహీజాకూ కబురొచ్చింది. నాటకంలో తనేసిన ఖాజీ భార్య వేషమే కదా అనుకుని ఆవిడ సంతకం పెట్టేసింది. స్టూడియోలో అడుగుపెట్టాక తెలిసింది, తను వెయ్యాల్సింది ఖాజీగారి తల్లి వేషమని.

రాగిబ్‌కి యాభై ఒకటి. బహీజాకి నలభై ఆరు.

వేషంలోని మాటలు తప్ప ఆ మనిషితో ఒక్క ముక్క మాట్లాడనని ఆవిడ ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టుకి ఎనిమిది రోజులు నిండిన ఈ గురువారం మధ్యాహ్నం, ఒకే ఒక్క షాటు పదకొండోసారి పాడైంది.

నిజానికి ఆ షాటులో పెద్ద పనేమీ లేదు. సొంత తమ్ముడికే ఉరిశిక్ష వెయ్యాల్సిన రోజు ఖాజీ కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తుంటాడు. తల్లి వెనకనుంచి వచ్చి, "నీ చేత్తోనే నీ తమ్ముడి చావు రాస్తావా నాయనా?" అంటుంది. ఖాజీ వెనక్కి తిరిగి, మెల్లగా, "అమ్మా, ఆ ఒక్కటీ అడక్కు" అనాలి. అంతే.

రాగిబ్ తిరగడు. లేదా తిరక్కూడని చోట తిరుగుతాడు. ఒకసారి తల్లి మాట సగంలో ఉండగానే గిరుక్కున తిరిగేశాడు. ఇంకోసారి ఆవిడ మాట ముగించి, ఊపిరి పీల్చి, మనసులో పది లెక్కపెట్టుకున్నాక గానీ తిరగలేదు. ఇక తిరిగాక ఆ "అమ్మా" ఎలా ఉండేదంటే, పై అంతస్తు గ్యాలరీలో చివరి బెంచీ మీద నిద్రపోతున్నవాణ్ణి లేపడానికి అన్నట్టుండేది. అద్దాల గదిలో కూర్చున్న సౌండు ఇంజనీరు గరబేద్ ప్రతిసారీ చెవులకున్న యంత్రం పీకేసి, బాధతో తల పట్టుకునేవాడు.

"మీటరు ముల్లు చివరికంటా పోయింది!" అని అరిచాడు గరబేద్, పదకొండోసారి. "ఇంకోసారి ఇలా అంటే నా యంత్రం పేలుతుంది, నేనూ పేలతాను!"

మే నెల. బయట ఎడారి గాలి ఇసుకను మోసుకొచ్చి కైరో అంతా చల్లుతోంది. మైకుకి చప్పుడు తగలకూడదని పంకాలు ఆపేశారు, కిటికీలు బిగించేశారు, గోడల నిండా సైన్యంవాళ్ళ పాత కంబళ్ళు వేలాడదీశారు. లోపల మనుషులు కుండలో మాంసంలా ఉడుకుతున్నారు. పదకొండులో రెండు మాత్రం రాగిబ్ తప్పు కాదు. ఒకటి తోటలో గద్ద అరిచి చెడగొట్టింది. ఒకటి చెరుకురసం బండివాడు గేటు దగ్గర గంట కొట్టి చెడగొట్టాడు. మిగతా తొమ్మిదీ ఆయన ఖాతాలోవే.

"ఉస్తాద్, ఇంకొంచెం మెల్లగా..." అన్నాడు డైరెక్టరు ఫిక్రీ. బెర్లిన్‌లో చదువుకొచ్చిన కుర్రాడు. ఇరవై తొమ్మిదేళ్ళు. నోట్లో పైపు వెలిగినా ఆరినా అక్కడే ఉంటుంది.

"ఏమిటీ?"

"మెల్లగా అంటున్నాను, ఉస్తాద్!"

"మెల్లగానే కదయ్యా అన్నాను!" అని రాగిబ్ గర్జించాడు.

"మీరు మెల్లగా అంటే వీధిలో ట్రాము ఆగిపోయింది, ఉస్తాద్."

అందరూ నవ్వారు. రాగిబ్ నవ్వలేదు. ఒక క్షణం ఆలస్యంగా, అందరి మొహాలూ చూసి, తానూ నవ్వాడు. అది బహీజాకి మరీ ఒళ్ళు మండించింది. చెయ్యాల్సిందంతా చేసి పైగా ఇకిలింపు!

"నాయనా ఫిక్రీ, నాకీ ముడతలు గీయించడం దేనికి?" అంది ఆవిడ నడుం పట్టుకుని. "ఇంకో గంట ఆగావంటే వాటంతట అవే వచ్చేస్తాయి."

"ఇరవై నిమిషాలు విరామం," అని ఫిక్రీ కుర్చీలో కూలబడ్డాడు. "హానిమ్, మీ కాళ్ళు పట్టుకుంటాను, మీరే ఏదో ఒకటి చెప్పి చూడండి. నేను చెబితే ఆయనకి ఎక్కడంలేదు."

బహీజా ఒట్టు ఆ ఇసుక గాలికి కొట్టుకుపోయింది. నల్ల శాలువా కొంగు మోచేతికి చుట్టుకుని, తల్లి వేషం నడక మరిచిపోయి, చకచకా రాగిబ్ గదికి వెళ్ళింది. తలుపు బార్లా తీసి ఉంది. ఆయన అటు తిరిగి నిలబడి తడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"ఏమయ్యా మహానటుడా!" అని గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "కక్ష ఉంటే నామీద తీర్చుకో. ఆ కుర్రాడేం చేశాడు నిన్ను? గరబేద్ ఏం చేశాడు? మాట పూర్తయ్యేదాకా ఆగడం అంత కష్టమా? పదమూడేళ్ళు ఇంట్లో ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వలేదు, ఇక్కడ కూడా నీ పెత్తనమేనా?"

రాగిబ్ మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు. ఏదో పాత పాట కూడా ముక్కులో సన్నగా పాడుకుంటున్నాడు, శ్రుతి ఎక్కడో వదిలేసి.

"అబ్బో, పొగరు ఇంకా తగ్గలేదన్నమాట! సరే, నీ ఇష్టం. నీ మీసం రంగు చెమటకి కారి చొక్కా మీదంతా పడింది, చూసుకో."

పదమూడేళ్ళ కాపురంలో ఆ మనిషి గురించి బహీజాకి తెలియంది లేదు. ఇల్లు కూలిపోతోందన్నా కదలడు గానీ, మీసం మాటెత్తితే అద్దం కోసం చెయ్యి చాస్తాడు. ఇప్పుడు ఆ చెయ్యి తువ్వాలు వదల్లేదు. ఆవిడ నోట్లో సిద్ధంగా ఉన్న తర్వాతి తిట్టు అక్కడే ఆగిపోయింది. రెండడుగులు లోపలికి వేసింది. ఆయన వీపు ఇప్పుడు చేతికందే దూరంలో ఉంది.

"రాగిబ్," అంది మామూలు గొంతుతో. "ఎవరెన్నన్నా, ఖాజీ వేషానికి నీకంటే బస్యూనీయే మేలు."

పోటీ నటుడితో పోల్చే ఆ మాట ఆయన ఎదుట అన్నవాళ్ళు అప్పుడప్పుడూ ఉండేవారు. వాళ్ళు కూర్చున్న కుర్చీలు మాత్రం తర్వాత పనికొచ్చేవి కావు. అలాంటి రాగిబ్ షహ్దీ తీరిగ్గా తువ్వాలు పిండి, దులిపి, మేకుకి తగిలించడానికి ఇటు తిరిగి, ఎదురుగా బహీజాను చూసి అదిరిపడ్డాడు.

"ఎప్పుడొచ్చావ్ నువ్వు? తలుపు కొట్టాలని తెలీదా?"

బహీజా నల్ల శాలువా కొంగు లాగి మెల్లగా నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చాటునుంచి, "కాఫీ తాగావా?" అని అడిగింది.

రాగిబ్ కళ్ళు ఒక్క క్షణం ఆ కొంగు మీద తడబడ్డాయి. "అవునవును," అన్నాడు పెద్దమనిషిలా తలూపుతూ. "ఈ గాలికి ఎవరికైనా ఊపిరాడదు."

"నీ పేరేమిటి?"

"కానివ్వు మరి. నాకేం అభ్యంతరం?"

ఆవిడ వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టింది. వెనక్కి వచ్చి కొంగు తీసేసి, ఆయన ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడివిడిగా అడిగింది.

"ఎన్నాళ్ళయింది?"

"ఏది?"

"చెవులు పోయి."

రాగిబ్ ఛాతీ విరుచుకున్నాడు. వేదిక మీద అబద్ధం ఆడబోయేముందు ఆయన ఎప్పుడూ ఛాతీ విరిచేవాడు. కానీ ఎదురుగా ఉన్నది ఆ విరుపుని మూడువేల రాత్రులు దగ్గరినుంచి చూసిన మనిషి. ఆయన మెల్లగా పెట్టె మీద కూర్చుండిపోయాడు.

"నాలుగేళ్ళు. తంతా ఊళ్ళో ఆడుతుండగా టైఫాయిడ్ వచ్చింది. జ్వరం పోతూ పోతూ ఎడమ చెవిని పట్టుకుపోయింది. కుడిది కొన్నాళ్ళు ఉంటాను, పోతాను అంది. మొన్న రంజాన్‌లో అదీ పోయింది. ఇప్పుడు ట్రాము వస్తోందని అరికాళ్ళకి తెలుస్తుంది, అంతే."

"మరి నాటకాలు? ఈ నాలుగేళ్ళూ ఆడావు కదా!"

"అందర్నీ నాకు ఎదురుగానే నిలబెట్టాను. నా వెనక ఎవడైనా మాట్లాడితే తీసేస్తానన్నాను. పెదవులు చూసి అందుకునేవాణ్ణి. నియంత అని తిట్టుకున్నారు. తిట్టుకోనీ అనుకున్నాను. నియంతకి వేషాలిస్తారు బహీజా. చెవిటివాడికి ఎవరిస్తారు?"

ఒకప్పుడు ఇదే మనిషి మూడో వరసలో పుచ్చగింజలు కొరుకుతున్నవాణ్ణి, ఉరికంబం సీను మధ్యలో నాటకం ఆపి మరీ బయటికి పంపించాడు. ఆ పటుక్కుమన్న చప్పుడు పక్కనే నిలబడ్డ బహీజాకి కూడా వినపడలేదు. ఈయనకి వినపడింది.

"చప్పట్లు కొడితేనో?" అని అడిగేసింది, అడక్కూడదనుకుంటూనే.

"మొదటి రెండు వరసల చేతులు కనిపిస్తాయి. మిగతావి ఊహించుకుంటాను."

జాలి పడాల్సిన చోట బహీజాకి ఎప్పుడూ కోపమే ముందు వచ్చేది. ఇప్పుడూ అదే వచ్చింది.

"యా అల్లా! ఇంత పెద్దమనిషివి, ఎవరికైనా చెప్పుకోవచ్చు కదా! పొద్దుట్నుంచి నలభైమందిని ఉడకబెట్టావు. నేను తొమ్మిదేళ్ళ పాత కోపాలన్నీ తవ్వుకుని నిన్ను తిట్టుకున్నాను. ఆ తిట్లన్నీ దండగ కాలేదూ!"

"ఎవరికి చెప్పమంటావు? ఫిక్రీకా? వాడి నోట్లోంచి ఆ పైపు తీస్తే కదా వాడేమంటున్నాడో తెలిసేది! లేకపోతే కంపెనీ యజమాని బే గారికి చెప్పనా? ఆయన వరండాలో ఆ బస్యూనీ రోజూ పొద్దున్నే కాఫీ తాగుతున్నాడు, ఈ వేషం నా నెత్తిమీంచి ఎప్పుడు జారుతుందా అని. నాకున్నది ఇదొక్కటే బహీజా. నాటకశాలలో ఇప్పుడు బిలియర్డ్స్ బల్లలు వేశారు. చూశావా?"

చూసింది. ఆ వీధిలో నడవడం మానేసింది కూడా.

"నిన్ను ఇక్కడ చూసిన మొదటిరోజు రాత్రంతా కునుకు పట్టలేదు," అన్నాడు రాగిబ్ తల దించుకుని. "ఈ ఊళ్ళో నన్ను కనిపెట్టగలిగితే నువ్వొక్కదానివే. భయపడ్డాను."

"ఇంకా భయపడు. లే."

తల దించుకున్నాడు కదా, ఆ మాట అందలేదు. ఆవిడ గడ్డం పట్టి మొహం పైకెత్తి, "లే," అంది మళ్ళీ. "మొదట ఆ అరుపు సంగతి చూద్దాం. ఎంత గట్టిగా అంటున్నావో నీకెలా తెలుస్తుంది?"

"ఛాతీలో అదిరితే పలికినట్టు."

"అందుకే కదా గరబేద్ చావుకొచ్చింది! ఛాతీ అదరకూడదు. ఇటివ్వు చెయ్యి."

ఆయన కుడి అరచెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుంది. ఎడమ చేతిని ఆయన గొంతు మీదే పెట్టించింది. "అమ్మా, ఆ ఒక్కటీ అడక్కు," అంది, ఇంట్లో పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నప్పుడు మాట్లాడినట్టు. "తెలిసిందా? ఈ మాత్రం. పిల్లి గురకలాగా. ఇప్పుడు నువ్వు."

ఆయన అన్నాడు. కిటికీ అద్దం గలగలలాడింది.

"పిల్లి అన్నాను, ఒంటె అన్లేదు! మళ్ళీ."

రెండోసారి కాస్త నయం. మూడోసారి మరీ గుసగుసైంది. ఐదోసారి ఆవిడ గొంతులో ఉన్న వణుకూ, ఆయన గొంతులో ఉన్న వణుకూ ఆ రెండు అరచేతుల్లో సరిగ్గా ఒకటైనట్టు ఆయనకి తెలిసింది. రాగిబ్ కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యి తియ్యడం మరిచిపోయాడు. ఆవిడే తీసి పక్కన పెట్టింది, గిన్నె మూత తీసినట్టు విసుగ్గా.

"చాల్లే. ఇక తిరగడం. నా మాట అయిపోయిన క్షణాన నీ వీపు మీద చెయ్యి వేస్తాను. వేశాక తిరుగు, అంతకుముందు తిరిగావో, అందరి ముందూ నీ వయసెంతో చెప్పేస్తాను."

"ఎందుకు చేస్తున్నావు ఇదంతా?" అని అడిగాడు రాగిబ్.

"పదమూడోసారి ఆ మాట చెప్పే ఓపిక లేక," అంది, గడియ తీస్తూ.

ఫిక్రీ ముందు ఒప్పుకోలేదు. తల్లి ఖాజీకి మూడడుగుల దూరంలో నిలబడాలనీ, ఆ దూరంలోనే అర్థమంతా ఉందనీ ఏదో మొదలుపెట్టాడు.

"అర్థం సంగతి నువ్వు చూసుకో నాయనా," అంది బహీజా. "కొడుకు వీపు మీద తల్లి చెయ్యి వెయ్యకూడదని ఏ చట్టంలో ఉందో చెప్పు. మీ అమ్మ వెయ్యదూ?"

కుర్రాడు కెమెరా వైపు చెయ్యి ఊపాడు. దీపాలు వెలిగాయి. ఎవరో "నిశ్శబ్దం" అన్నారు. కంబళ్ళ మధ్య వేడి మళ్ళీ దిగింది.

రాగిబ్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. బహీజా వంగిన నడుంతో నడిచి వచ్చింది. "నీ చేత్తోనే నీ తమ్ముడి చావు రాస్తావా నాయనా?" అంది. మాట చివర ఆమె అరచెయ్యి ఆయన వీపుకి తగిలింది. చొక్కా తడిసి ముద్దయి ఉంది. ఆ తడి కింద ఆయన గుండె పిచ్చిగా కొట్టుకుంటోంది.

ఆయన తిరిగాడు. వేదిక మీద తిరిగినట్టు భుజాలతో కాకుండా, వెన్ను విరిగినవాడు తిరిగినట్టు తిరిగాడు. ఆమె మొహంలోకి చూశాడు.

"అమ్మా, ఆ ఒక్కటీ అడక్కు."

ముప్ఫై ఏళ్ళుగా ఈజిప్టు దేశమంతా వింటున్న గొంతు అది. కానీ ఆ గొంతుకి ఇలాంటి కింది అర ఒకటుందని ఎవరికీ తెలియదు, పదమూడేళ్ళు పక్కన పడుకున్న బహీజాకి కూడా. ఆవిడకి ఇంకో మాట లేదు ఆ సీనులో.

ఫిక్రీ ఆపమనడం మరిచిపోయాడు. దీపాలు పట్టుకున్నవాళ్ళు కదల్లేదు. చివరికి అద్దాల గది తలుపు తెరుచుకుని గరబేద్ బయటికి వచ్చాడు. చెవుల యంత్రం మెడలో వేలాడుతోంది. మొహం తుడుచుకుంటున్నాడు. అది చెమటా, ఇంకోటా అన్నది ఎవరూ అడగలేదు.

"వచ్చింది," అన్నాడు గరబేద్. "అంతా వచ్చింది."

అప్పుడు మొదలైంది గోల. పంకాలు తిరిగాయి, కిటికీలు తెరుచుకున్నాయి. మనుషులు రాగిబ్ చుట్టూ మూగి భుజాలు తట్టారు, చేతులు ముద్దుపెట్టుకున్నారు. ఆయన ఒకరి పెదవుల మీంచి ఇంకొకరి పెదవుల మీదికి చూపులు పరిగెత్తిస్తూ అందరికీ కలిపి తలూపుతున్నాడు.

బహీజా శాలువా విప్పి పక్కన పడేసి, స్టూలు మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. ఫిక్రీ వచ్చి పక్కన నిలబడ్డాడు. సంతోషించాల్సిన మొహం, కానీ తప్పు చేసిన పిల్లాడి మొహంలా ఉంది.

"హానిమ్, ఏం చెప్పి మార్చారో తెలీదు గానీ..."

"అది నీకనవసరం. రేపేమిటి?"

"రేపు కోర్టు సీను. ముగ్గురు వకీళ్ళు మూడు వైపులనుంచి ఒకేసారి వాదిస్తారు. వెనక జనం కేకలు వేస్తుంటారు. ఉస్తాద్ కూర్చున్నచోటునుంచి ఒక్కొక్కరికీ వెంటవెంటనే జవాబివ్వాలి."

బహీజా నీళ్ళగ్లాసు నోటిదాకా తెచ్చి ఆపేసింది. మూడు వైపులనుంచి. "అలాగైతే నేను ఆయన పక్కనే కూర్చోవాలి," అంది తొందరగా. "తల్లి కోర్టుకి రాదూ? వస్తుంది. బల్ల పక్కన కూర్చోబెట్టు నన్ను."

"అదే, హానిమ్..." ఫిక్రీ నోట్లోంచి పైపు తీశాడు. ఎనిమిది రోజుల్లో అతను పైపు తియ్యడం ఇదే మొదలు. "కోర్టు సీనుకి ముందే తల్లి చనిపోతుంది. కథ మారింది. మీ వేషం ఈ షాటుతో అయిపోయింది. మధ్యాహ్నమే బే గారి దగ్గరినుంచి కబురొచ్చింది. ముందే చెబితే ఈ షాటు పాడవుతుందని ఆగాను. నన్ను క్షమించండి."

"బే గారికి నామీద ఏం కోపం?"

ఫిక్రీ జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. బహీజా విప్పింది. సంతకం చూడకముందే చేతిరాత గుర్తుపట్టింది. ఒక్కో అక్షరం తలపాగా చుట్టుకున్నట్టుండే ఆ రాతతోనే ఒకప్పుడు ఆమెకు ప్రేమలేఖలొచ్చాయి.

"బే గారికి సలాములు. ఈ చిత్రంలో ఆ స్త్రీ అయినా ఉండాలి, నేనయినా ఉండాలి. ఆమెను ఎంత త్వరగా పంపిస్తే నా నటన అంత బాగుంటుంది. రాగిబ్ షహ్దీ."

పైన తేదీ ఉంది. ఎనిమిది రోజుల కిందటిది. ఆమె ఈ స్టూడియోలో మొదటిసారి అడుగుపెట్టిన రోజు.

"ఉస్తాద్‌కి నేనింకా చెప్పలేదు," అన్నాడు ఫిక్రీ. "ఆయన కోరిందే కదా, సంతోషిస్తారు. మీరు వెళ్ళాక చెబుతాను."

అటునుంచి రాగిబ్ జనాన్ని తప్పించుకుని వాళ్ళవైపే వస్తున్నాడు. ఖాజీ తలపాగా ఒక పక్కకి ఒరిగిపోయింది. మొహం, కొత్త చొక్కా తొడుక్కున్న పండగరోజు పిల్లాడి మొహంలా వెలిగిపోతోంది. ఆమె చేతిలోని కాగితం వైపు ఆయన చూడనైనా లేదు. తిన్నగా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమంటున్నాడు మన డైరెక్టరు?" అని అడిగాడు, మొదటిసారి సరైన గొంతుతో, మెల్లగా. "రేపటి సంగతేనా? చెప్పు బహీజా, నువ్వే చెప్పు."

ఆయన కళ్ళు ఆమె పెదవుల మీద నిలిచాయి. బహీజా కాగితాన్ని గుప్పిట్లో నలిపి, లేచి నిలబడి, నోరు తెరిచింది.